మన గేటు కెమెరా మన చేతిలోనే ఉండాలి

ప్రతి ఏటా సంక్రాంతికి ముందు హైదరాబాదు పోలీసులు కొన్ని జాగ్రత్తలు చెబుతారు: ఊరికి వెళ్లేవారు నగలు, నగదు ఇంట్లో ఉంచవద్దు, వెళ్తున్న సంగతి దగ్గరి స్టేషనులో చెప్పి వెళ్లండి, వీలైతే ఇంటికి సీసీ కెమెరా పెట్టించుకోండి. విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరే ఆ రోజుల్లోనే ఉప్పల్, మల్కాజిగిరి, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో వరసపెట్టి గేట్లకు తాళాలు పడతాయి కాబట్టి ఈ సలహా సబబైనదే. నా పేచీ సలహాతో కాదు, అది అమలయ్యే తీరుతో. కెమెరా కొనడం, దాని యాప్‌ను ఫోనులోకి దించుకోవడం, ఫోన్ నంబరు ఇచ్చి ఖాతా తెరవడం, అప్పటినుంచి మన గుమ్మం ముందు జరిగేదంతా ఎక్కడుందో తెలియని సర్వరుకు చేరుతూ ఉండడం, పాత దృశ్యాలు కావాలంటే మళ్లీ మనమే నెలకింత కట్టి చూసుకోవడం అందరికీ అలవాటైపోయింది. చవక కంప్యూటరు విడిభాగాలతో ఈ కెమెరాను ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. కాస్త ఓపిక, కాస్త ఆసక్తి ఉన్నవారు అలాగే చేసుకోవాలి అన్నది నా వాదన.

ముందుగా డబ్బు సంగతి తేల్చుకోవాలి. సొంతంగా చేసుకుంటే చవకగా వస్తుందన్న ఆశతో ఈ పనిలోకి దిగినవారు సగంలోనే వదిలేయడం చూశాను. వైఫై కెమెరా ఒకటి నేడు రెండు వేల రూపాయలకు అటూఇటుగా దొరుకుతుంది. రాస్ప్‌బెరీ పై బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు), దానికి కెమెరా, మెమరీ కార్డు, మంచి అడాప్టరు, వానకు తడవని పెట్టె కలిపి లెక్కేస్తే అంతకంటె ఎక్కువే అవుతుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్, పాత వెబ్‌క్యామ్ మూలపడి ఉన్నవారికి మాత్రమే ఇది నిజంగా చవక. కాబట్టి దీన్ని పొదుపు మార్గమని నేను చెప్పను. ఎక్కువ పెట్టిన ఆ డబ్బుకు మనకు దక్కేది వేరే ఉంది: ఆ కెమెరా ఏం చూడాలి, ఎంతకాలం గుర్తుంచుకోవాలి, ఎవరికి చూపాలి అన్న మూడు నిర్ణయాలూ మనవే అవుతాయి.

ఇంటి కెమెరా పుట్టుకే ఒక ఇంట్లో జరిగింది. న్యూయార్కు నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. వేళాపాళా లేని డ్యూటీలు, భర్త ఇంట్లో లేని రాత్రులు, పిలిస్తే ఆలస్యంగా వచ్చే పోలీసులు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె 1966లో ఒక ఏర్పాటుకు పేటెంటు దరఖాస్తు చేసింది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ తెర, బయటివారితో మాట్లాడే మైకు, లోపలినుంచే తలుపు గడియ తీసే మీట, ఆపద అనిపిస్తే నొక్కడానికి మరొక మీట. 1969 డిసెంబరులో పేటెంటు వచ్చింది. తర్వాత వచ్చిన ఇంటి భద్రతా వ్యవస్థలు అనేకం ఆ పేటెంటును ఉదహరించాయి. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఒకటే: వీధి తలుపు దగ్గరి దృశ్యం పడకగదికి వచ్చి ఆగిపోయేది. భయపడిన మనిషే దాన్ని చూసేది. ఆ దృశ్యం ఇంటి గోడలు దాటాల్సిన అవసరం ఆమెకు కలగలేదు, భద్రతకు అది లోటూ కాలేదు.

గోడలు దాటిన తర్వాత ఏం జరిగిందో గత పదేళ్ల చరిత్ర చెబుతుంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా ఇంటర్‌నెట్‌కు తగిలించి ఉన్న కెమెరాలను, వాటి దృశ్యాలను దాచే డీవీఆర్ పెట్టెలను, రౌటర్లను వెతికి, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డులనే ఒక్కొక్కటిగా ప్రయత్నించి లోపలికి దూరింది. అదే ఏడాది అక్టోబరు 21న అలా చేజిక్కిన పరికరాలన్నీ కలిసి వెబ్‌సైట్ల పేర్లను బట్టి వాటి చిరునామాలు చెప్పే డిన్ అనే సంస్థ మీద పడితే, అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ పరికరాల యజమానుల్లో చాలామందికి తమ కెమెరా ఆ పని చేసిందన్న సంగతి ఈనాటికీ తెలియకపోవచ్చు. 2021 మార్చిలో వెర్కాడా అనే నిఘా కెమెరాల కంపెనీలోకి చొరబడినవారికి ఆసుపత్రులు, బడులు, జైళ్లతో సహా దాదాపు లక్షన్నర కెమెరాల దృశ్యాలు అందాయి. 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇంటి కెమెరాలు అమ్మే రింగ్ కంపెనీ ఉద్యోగులు వినియోగదారుల ఇళ్లలోని వీడియోలను చూడగలిగే స్థితి ఉండేదనీ, ఒక ఉద్యోగి స్త్రీల వేలాది వీడియోలు చూశాడనీ ఆరోపించింది. కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. మన దేశం సంగతికొస్తే, 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి స్త్రీల వైద్యపరీక్షల దృశ్యాలు బయటికి పొక్కి, యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆ స్త్రీలు ఎవరి ఇంటిలోనూ దొంగతనానికి వెళ్లినవారు కారు, వైద్యానికి వెళ్లినవారు.

కేంద్ర ప్రభుత్వం కూడా ఈ ప్రమాదాన్ని గుర్తించి, సీసీ కెమెరాలు భద్రతా పరీక్షలు దాటి తీరాలని 2024 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. అయితే ఆ పరీక్ష కెమెరా లోపలి తాళాలు గట్టివో కావో చూస్తుంది. సర్వరు దగ్గర తాళంచెవి పట్టుకున్న మనిషి ఎలాంటివాడో చూడజాలదు.

ఇక తయారీ. మా ఇల్లు ఈసీఐఎల్ చౌరస్తాకు దగ్గర. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వల్లే ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు ఇంటింటికీ టీవీలు చేసిన సంస్థ, తర్వాత ఓటింగు యంత్రాలు చేస్తున్న సంస్థ. అక్కడ పనిచేసి రిటైరైన పెద్దలు ఇప్పటికీ మా వీధుల్లో ఉన్నారు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం పెద్ద విద్య కాదని పిల్లలకు చెప్పగలిగినవారు వాళ్లే. విడిభాగాలకు నగరంలో రెండు చోట్లు చాలు: బోర్డులు, కెమెరాలు, కార్డులు, పాత హార్డ్‌డిస్కులకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్; సెన్సార్లు, వైర్లు, కనెక్టర్లు, చిన్నచిన్న మాడ్యూళ్లకు కోఠి గుజరాతీ గల్లీ. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతాయి గాని, కనెక్టరు పట్టుకుని వెళ్లి ‘దీనికి జోడీ ఇవ్వండి’ అని అడిగే సౌకర్యం అక్కడ ఉండదు.

చాలామంది మొదట చూసేది ఈఎస్‌పీ32-క్యామ్. ఐదారు వందల రూపాయలకు దొరికే ఈ బోర్డు అగ్గిపెట్టె కంటె చిన్నది. రెండు మెగాపిక్సెళ్ల ఓవీ2640 కెమెరా, వైఫై, మెమరీ కార్డు పెట్టే చోటు అన్నీ దాని మీదే ఉంటాయి. యూఎస్‌బీ పోర్టు ఉండదు కాబట్టి ప్రోగ్రాము ఎక్కించడానికి యూఎస్‌బీ-టీటీఎల్ అనే చిన్న పరికరం విడిగా కొనాలి, ఎక్కించేటప్పుడు జీపీఐఓ 0 పిన్నును గ్రౌండుకు కలపాలి. వైఫై ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు నాసిరకం అడాప్టరు, సన్నని వైరు తట్టుకోలేవు. వోల్టేజి పడిపోయి బోర్డు తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. బోర్డు పాడైందనుకుని పారేసేవారు ముందు అడాప్టరు మార్చి చూడాలి. తలుపు తట్టినవారి ఫొటో తీయడానికి, మేడమీద నీళ్ల ట్యాంకు దగ్గర నిఘాకు ఇది సరిపోతుంది. రాత్రి గేటు దగ్గర మనిషి ముఖం పోల్చడానికి మాత్రం సరిపోదు. పిల్లలకు నేర్పడానికి మంచి బోర్డు, ఇంటిని అప్పగించడానికి కాదు.

నేను నమ్ముకున్నది రాస్ప్‌బెరీ పై జీరో 2 డబ్ల్యూ. బ్రిటన్‌లో 2012లో బడిపిల్లల కోసమని మొదలైన బోర్డుల వరసలో 2021 అక్టోబరులో వచ్చినది ఇది. నాలుగు కోర్ల ప్రాసెసరు, 512 ఎంబీ మెమరీ, వీడియోను హెచ్.264 పద్ధతిలో కుదించే హార్డ్‌వేరు ఇందులో ఉన్నాయి. కెమెరా కొనేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: జీరో బోర్డుల మీద కెమెరా సాకెట్టు చిన్నది, మామూలు రిబ్బన్ కేబులు దానికి పట్టదు, 22 పిన్నుల కేబులు విడిగా అడిగి తీసుకోవాలి. చీకట్లో చూడాలంటే నాయిర్ రకం కెమెరా కావాలి. మామూలు కెమెరాల్లో కంటికి కనబడని పరారుణ కాంతిని ఆపే వడపోత ఉంటుంది, ఇందులో ఉండదు; కాబట్టి పక్కన పరారుణ దీపం పెడితే ఆ వెలుగులో ఇది చూడగలదు. వడపోత లేనందువల్ల పగటి రంగులు కాస్త గులాబీగా కనబడతాయి. గేటు దగ్గర నిలబడినవాడి చొక్కా రంగు తేడాగా పడుతుందన్న మాట. పోలీసులకు దృశ్యం ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పితీరాలి.

రికార్డు చేసే పని మాత్రం ఆ బోర్డుకు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. గేటు దగ్గర ఉన్న పెట్టెను దొంగ పీక్కుపోతే అందులోని కార్డు కూడా వాడితోనే పోతుంది. బోర్డు దృశ్యాన్ని ఇంటి వైఫై మీద లోపలికి పంపాలి, లోపల బీరువా వెనకో అటక మీదో ఉన్న పాత ల్యాప్‌టాప్ దాన్ని అందుకుని దాచాలి. తెర పగిలినదైనా, కీబోర్డు పనిచేయనిదైనా పరవాలేదు. ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ ఇంకా బాగుంటే కరెంటు పోయినా అది కొంతసేపు ఆగదు. రౌటరుకు చిన్న యూపీఎస్ ఒకటి తగిలించి, గేటు బోర్డును ఇన్వర్టరు లైను మీద పెడితే వ్యవస్థ మొత్తం నిలబడుతుంది. ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాని మీద మోషన్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టాను. దానికి చందా లేదు, ఖాతా లేదు.

స్థలం లెక్క సులభం. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వచ్చే వీడియో రోజంతా దాస్తే 10.8 జీబీ అవుతుంది. 32 జీబీ కార్డు మూడు రోజులకే నిండుతుంది, పాత ల్యాప్‌టాప్‌లోని 500 జీబీ డిస్కు నెలన్నర వస్తుంది. కదలిక ఉన్నప్పుడే దాచేట్టు పెడితే ఇంకా చాలా ఎక్కువ కాలం వస్తుంది. కాని అసలు ప్రశ్న డిస్కు ఎన్నాళ్లు వస్తుందన్నది కాదు, మనం ఎన్నాళ్లు దాచాలన్నది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కదలికను కంప్యూటరు ఎలా పోలుస్తుందో తెలిస్తే ఈ పని మీద గౌరవం పెరుగుతుంది. మోషన్ ప్రోగ్రాము ఇప్పటి చిత్రాన్ని అంతకుముందున్న చిత్రంతో పోల్చి, ఎన్ని పిక్సెళ్లు మారాయో లెక్కపెడుతుంది. ఆ సంఖ్య మనం పెట్టిన హద్దు దాటితే అలికిడి జరిగినట్టు. మొదట్లో ఆ హద్దు 1500గా ఉంటుంది. 640×480 చిత్రంలో మొత్తం 3,07,200 పిక్సెళ్లు ఉంటాయి, అంటే చిత్రంలో అర శాతం కంటె తక్కువ మారినా అది మేలుకుంటుంది. మనిషి అయితే వేల పిక్సెళ్లు మారతాయి. కాని మబ్బు నీడ జారినా, గాలికి జామకొమ్మ ఊగినా, వీధిలో ఆటో హెడ్‌లైటు తిరిగినా అంతకంటె ఎక్కువే మారతాయి. జూన్‌లో వానలు మొదలైన వెంటనే అలికిళ్లు పెరిగిపోతాయి. పరారుణ దీపం వెచ్చదనానికి, దాని చుట్టూ చేరే పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది; కెమెరా ముందర ఊగే ఒక్క పోగు ఆ వెలుగులో తెల్లని తాడులా కనబడి రాత్రంతా రికార్డింగు నడిపిస్తుంది. హద్దు పెంచడం ఒక్కటే మార్గం కాదు. మార్పు వరసగా కొన్ని చిత్రాల్లో ఉంటేనే లెక్కలోకి తీసుకొమ్మని చెప్పవచ్చు, చిత్రమంతా ఒకేసారి మారితే అది లైటు వేయడమో ఆర్పడమో అనుకొమ్మని చెప్పవచ్చు, కొమ్మ ఉన్న మూలను లెక్కలోంచి తీసేయవచ్చు. మనుషులను, వాహనాలను విడివిడిగా గుర్తించే ఫ్రిగేట్ వంటి ప్రోగ్రాములు కూడా ఉచితంగానే ఉన్నాయి, వాటికి కాస్త బలమైన కంప్యూటరు కావాలి. అయినా నేను మొదట మోషన్‌నే వాడమంటాను. ఏ గంటలో ఏ వెలుగు ఎటునుంచి పడుతుందో, పాలవాడు ఎప్పుడొస్తాడో, చెత్తబండి ఎప్పుడొస్తుందో, మన గేటు ముందరి రోజు ఎలా గడుస్తుందో ఆ హద్దులు సవరిస్తూ ఉంటేనే తెలుస్తుంది. కొత్త మనిషి కొత్తగా కనబడాలంటే ముందు మామూలు రోజు మనకు తెలిసి ఉండాలి.

పెట్టెకు ఎలక్ట్రికల్ షాపులో దొరికే పీవీసీ జంక్షన్ బాక్సు చాలు. లెన్సు ఉన్నచోట రంధ్రం చేసి లోపలినుంచి గాజుముక్క సిలికాన్‌తో అంటించాలి. పరారుణ దీపాన్ని అదే గాజు వెనక పెడితే దాని వెలుగు గాజుకు తగిలి లెన్సులోకే తిరిగివచ్చి చిత్రం తెల్లబారుతుంది, కాబట్టి దీపం పెట్టె బయట ఉండాలి. వైరు పెట్టె అడుగునుంచి రావాలి, కిందికి ఒక వంపు ఇచ్చి మళ్లీ పైకి తేవాలి, అప్పుడు వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి ఎండ నేరుగా తగిలే గోడ మీద పెట్టె లోపలి వేడి ఇంకా ఎక్కువ. బోర్డు వేడి 80 డిగ్రీలకు చేరితే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, దృశ్యం ఆగుతూ సాగుతూ వస్తుంది. సజ్జ కింద, ఉత్తరపు గోడ మీద పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

గడియారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. జీరో బోర్డులో కరెంటు లేనప్పుడు కాలం లెక్కపెట్టే గడియారం లేదు. ఆన్ అయినప్పుడల్లా నెట్ నుంచి సమయం తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే పాత సమయం దగ్గరినుంచే మొదలుపెడుతుంది. బోర్డు మీదే రికార్డు చేసేవారు డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూలును దానికి కలపాలి. ల్యాప్‌టాప్‌లో ఆ గడియారం ఎలాగూ ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే, వేలిముద్ర వంటి సంఖ్య) కూడా రాయాలి. ఇంట్లో చేసిన కెమెరా అయినంత మాత్రాన సాక్ష్యానికి పనికిరాదని చట్టం చెప్పదు. అయితే సమయం తప్పుగా ఉన్న దృశ్యం చేతికిచ్చి నమ్మమనడం కష్టం. ఏదైనా జరిగితే అసలు ఫైలును అలాగే ఉంచి, ఎస్‌హెచ్ఏ-256 అనే పద్ధతిలో హ్యాష్ తీసి రాసిపెట్టుకుని, పోలీసులకు నకలు ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపిన వీడియో నలిగి చిన్నదైపోయిన నకలు, దాన్ని అసలుగా ఎంచకూడదు.

ఇప్పుడు నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమైన విషయానికి వస్తాను. కెమెరా బిగించిన రోజు పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి, “మా గుమ్మం కూడా అందులో పడుతుందా బాబూ?” అని అడిగింది. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకు ఉంది. “పడదండీ, లోపలికి రండి, చూపిస్తాను” అని తెర ముందు కూర్చోబెట్టాను. మోషన్‌లో రెండు రకాల ముసుగులు ఉంటాయి. ఒకటి, చిత్రంలో ఫలానా భాగంలోని కదలికను లెక్కపెట్టవద్దని చెప్పేది. కాని ఆ భాగం దృశ్యంలో కనబడుతూనే ఉంటుంది, రికార్డవుతూనే ఉంటుంది. రెండోది, ఆ భాగాన్ని చిత్రంలోంచే చెరిపేసేది. పొరుగువారి గుమ్మానికి మొదటిది వేసి ‘మీ ఇంటిని పట్టించుకోవడం లేదు’ అని చెప్పడం మోసం. రెండోదైనా సాఫ్ట్‌వేరులో ఒక మాట మారిస్తే తొలగిపోతుంది. అన్నింటికంటె మంచి ముసుగు పెట్టె గాజు మీద అంటించిన నల్లటి టేపు, లేదా కెమెరాను మరికాస్త కిందికి వంచడం. లెన్సులోకి రాని వెలుగును ఎవరూ తర్వాత చూడలేరు. ఆవిడ తెర చూసి, తన గుమ్మం లేదని తృప్తిపడి వెళ్లింది. కొని బిగించిన కెమెరాలు వీలైనంత వెడల్పుగా చూడడాన్ని గొప్పగా చెప్పుకుంటాయి; మా ఇరుకు వీధుల్లో ఆ వెడల్పంతా ఎదుటివారి వరండాయే.

మన దగ్గర ఈ విషయంలో చట్టం వ్యక్తి విచక్షణకే చాలా వదిలేసింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం, వ్యక్తులు తమ సొంత లేదా ఇంటి అవసరానికి సమాచారాన్ని వాడుకుంటే తనకు సంబంధం లేదంది. యూరప్‌లో ఇంటి అవసరం అన్నదానికి గిరి గీసిన కేసు ఒకటి ఉంది. చెక్ రిపబ్లిక్‌లో ఫ్రాంటిషెక్ రినెష్ అనే వ్యక్తి, తన ఇంటి కిటికీలు పగులగొడుతున్నవారిని పట్టుకోవడానికి చూరు కింద కెమెరా పెట్టాడు. అందులో తన గుమ్మంతోపాటు వీధి, ఎదురింటి గుమ్మం కూడా పడేవి. నిందితులు దొరికారు, వారిలో ఒకరు ఆ కెమెరా చట్టబద్ధతనే ప్రశ్నించారు. వీధిని కూడా చూసే కెమెరా పూర్తిగా ఇంటి వ్యవహారం కాదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014 డిసెంబరులో తేల్చింది. అతని బాధ నిజమైనదే, కిటికీలు పగులగొట్టినవారూ నిజమే, అయినా ఎదురింటివారి హక్కు అలాగే ఉంది. నాకు ఈ తీర్పు న్యాయంగా తోస్తుంది. మన ఇంట్లోపలి సంగతి మీద కూడా మాట వచ్చింది: కలిసి ఉంటున్నవారి అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టకూడదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పగా, సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

అందుకే హాలులో, వంటింట్లో కెమెరా పెట్టడాన్ని నేను వ్యతిరేకిస్తాను. ఇంటిపనికి వచ్చే ఆమె మీద నిఘా కోసమని పెట్టేవారు మా చుట్టుపక్కలే ఉన్నారు. ఆమెకు ఆ సంగతి చెప్పరు, చెప్పినా వద్దనే స్థితిలో ఆమె ఉండదు. మనిషి నడుము వంచి నేల తుడుస్తున్న దృశ్యం ఎవరి ఫోనులోనో ఉండడానికి ఆమె జీతం పుచ్చుకోవడం లేదు. ఊళ్లో ఉన్న ముసలి తల్లిదండ్రుల కోసం పెట్టేవారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది. అక్కడ కూడా వాళ్లను అడగాలి, వాళ్లు వద్దంటే తీసేయాలి.

ఎన్నాళ్లు దాచాలన్న ప్రశ్నకు ఇంటికి సంబంధించినంతవరకు నా జవాబు వారం, ఊరికి వెళ్తే తిరిగివచ్చేదాకా. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం, జనం ఎక్కువగా చేరే సంస్థలు కెమెరాలు పెట్టి దృశ్యాలను 30 రోజులు దాచాలని చెప్పింది. ఆ నియమం దుకాణాలకు, ఆసుపత్రులకు, ఫంక్షన్ హాళ్లకే గాని మన ఇంటి గేటుకు కాదు. వారం దాటిన ఫైళ్లను తొలగించే ఒక్క పంక్తి ఆదేశాన్ని ల్యాప్‌టాప్‌లో రోజూ తెల్లవారుజామున నడిచేట్టు పెట్టాను. పాలవాడు, కొరియరు కుర్రాడు, వీధిలో ఆడుకునే పిల్లలు ఏ రోజు ఏ పూట వచ్చిపోయారో ఏడాది పొడవునా నా దగ్గర ఉండవలసిన అవసరమేమీ లేదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పోలీసులు ‘నేను సైతం’ కార్యక్రమం కింద కాలనీవాసులతో కెమెరాలు పెట్టించి ఎన్నో కేసులు ఛేదించారు, 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటరు మొదలైంది, నేరం జరిగినప్పుడు వీధికొక కెమెరా ఉండడం మేలు కాదా అని. మేలే. నేరం జరిగినప్పుడు అడిగితే ఇవ్వడానికి నేను సిద్ధం, ఇవ్వడం పౌరుడి బాధ్యత. కాని అడిగినప్పుడు ఆ ఘటనకు సంబంధించిన భాగాన్ని ఇవ్వడం ఒకటి, ప్రతి గేటు దృశ్యం అన్నివేళలా ఒకచోటికి చేరడం మరొకటి. తెలంగాణలో ముఖాలను గుర్తించే సాంకేతికత వాడకాన్ని సవాలు చేస్తూ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం 2022లో హైకోర్టు ముందుకు వచ్చింది. ఆ ప్రశ్న తేలేదాకా కూడలిలో ప్రభుత్వ కెమెరా వేరు, గుమ్మంలో ఇంటివారి కెమెరా వేరు అన్న గీత చెరగకూడదు. అడిగి తీసుకోవలసిన అవసరం ఉన్నంతవరకే అడిగేవారు కారణం చెబుతారు.

ఊళ్లో ఉండి ఇల్లు చూసుకోవడం ఎలా అన్నది మిగిలింది. రౌటరులో పోర్టు తెరిచి కెమెరాను నేరుగా ఇంటర్‌నెట్‌కు చూపించవద్దు; మిరాయ్ వంటివి వెతికేది ఆ తెరిచిన తలుపులనే. వైర్‌గార్డ్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఫోనుకూ ఇంటికీ మధ్య గుప్తమార్గం వేసుకోవాలి. మన ఇళ్లకు వచ్చే చాలా కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను అనేకమంది పంచుకుంటారు, అందువల్ల బయటినుంచి ఇంటికి నేరుగా దారి ఉండదు; అలాంటప్పుడు కూడా గుప్తమార్గం వేయగల టెయిల్‌స్కేల్ వంటి ప్రోగ్రాములు సాయపడతాయి. టెలిగ్రామ్ బాట్‌తో అలికిడి ఫొటో ఫోనుకు వచ్చేట్టు చేయడం సులభమని చాలామంది చేస్తారు, అయితే ఆ ఫొటో అప్పుడే ఇల్లు దాటి మరొకరి సర్వరు ఎక్కిందని తెలిసి చేయాలి. నేను చిత్రం లేకుండా ‘గేటు దగ్గర అలికిడి’ అన్న మూడు మాటలే పంపేట్టు పెట్టుకున్నాను, చూడాలనుకున్నప్పుడు గుప్తమార్గం గుండా చూస్తాను.

కెమెరా దొంగను ఆపదు. మంచి తాళం, గేటు దగ్గర దీపం, ఊరెళ్తూ పక్కింటివారికి చెప్పి వెళ్లడం దానికంటె ముందు రావాలి. ఇంత పని అందరూ చేసుకోలేరనీ నాకు తెలుసు. ఒంటరిగా ఉండే పెద్దవారికి, లైనక్స్ పేరే వినని ఇంటికి ఇది చేసిపెడితే, పాడైన రోజు బాగుచేసే బాధ్యత కూడా చేసిపెట్టినవారిదే అవుతుంది. అలాంటి ఇళ్లకు నేను చెప్పే మధ్యేమార్గం ఒకటుంది. ఆర్‌టీఎస్‌పీ లేదా ఓఎన్‌వీఐఎఫ్ పద్ధతిలో, అంటే కంపెనీ యాప్‌తో పనిలేకుండా వేరే రికార్డరుకు నేరుగా దృశ్యాన్ని ఇవ్వగల కెమెరాను కొనండి, దుకాణంలో ఆ మాటే అడగండి. ముందుగా దాని పాస్‌వర్డు మార్చండి. రౌటరు సెట్టింగుల్లో ఆ కెమెరాకు బయటి ఇంటర్‌నెట్ అందకుండా ఆపండి, రికార్డింగు ఇంట్లోని పాత కంప్యూటరులోనో సొంత రికార్డరులోనో జరగనివ్వండి. బయటి దారి మూసిన తర్వాత కూడా ఇంట్లోని తెర మీద దృశ్యం వస్తూ ఉంటే ఆ కెమెరాను ఉంచుకోవచ్చు. ఆగిపోతే, బిల్లు పట్టుకుని వెళ్లి తిరిగి ఇచ్చేయండి.